గ్లేసియర్ బే పగటి పడవ ప్రయాణం: ఎనిమిది గంటల్లో రెండున్నర శతాబ్దాలు

బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న రాతిగుట్ట మీద ఉదయపు నడక తర్వాత కాసేపు కూర్చునే మా తెలుగువాళ్ళ బృందంలో, మేము అలాస్కా నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచీ ఒకే ప్రశ్న వినబడుతోంది. మంచే చూడాలనుకుంటే హిమాచల్‌కు వెళ్ళవచ్చు కదా, అంత ఖర్చు పెట్టి భూమికి ఆ చివరనున్న గ్లేసియర్ బే జాతీయ వనానికి వెళ్ళడంలో ఏం కలిసివచ్చింది అని అడుగుతున్నారు. నోటితో చెబితే సగమే చెప్పినట్టు అవుతోంది కనుక వివరంగా రాస్తున్నాను. నేను సమీక్షిస్తున్నది ఆ వనంలోని బార్ట్‌లెట్ కోవ్ రేవు నుంచి వేసవిలో ఉదయం ఏడున్నరకు బయలుదేరి మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో తిరిగివచ్చే పగటి పడవ ప్రయాణాన్ని, దానికి ముందూ వెనకా అక్కడ గడిపిన రెండు రాత్రులను. ముప్పై ఏళ్ళ పాటు బెంగళూరులోని ఒక కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విరమించినదాన్ని కాబట్టి నా చూపు మంచు కంటే మొక్కల వైపే ఎక్కువగా పోయిందన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వెళ్ళగలిగిన స్తోమత, ఓపిక ఉన్నవారు తప్పకుండా వెళ్ళాలి; వెళితే పెద్ద విహారనౌకలో కాకుండా ఈ చిన్న పడవలోనే వెళ్ళాలి.

ప్రయాణ ఏర్పాట్ల దగ్గర మాకు జరిగిన పొరపాటు ఇతరులకు జరగకూడదని దాన్ని ముందుగా రాస్తున్నాను. మేము సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెన్సీ వారు పంపిన ప్రణాళికలో చివరి విమానాశ్రయం కాలిస్పెల్ అని ఉంది. అట్లాసు తీసి చూస్తే అది మొంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ జాతీయ వనానికి దగ్గరి ఊరని తేలింది. పేర్లు దగ్గరగా ఉన్నా ఆ రెండు వనాల మధ్య దూరం పదిహేను వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. తప్పు చూపించిన తర్వాత, గ్లేసియర్ బేకు విహారనౌక తప్ప వేరే మార్గం లేదని వారే మళ్ళీ చెప్పారు. అదీ నిజం కాదు. సియాటిల్ నుంచి జూనో వరకు, జూనో నుంచి గస్టేవస్ అనే చిన్న ఊరి వరకు విమానంలో వెళ్ళవచ్చు. ఈ రెండో ప్రయాణం అర గంటకు మించదు. గస్టేవస్‌కు బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధం లేదు. అలాస్కా రాష్ట్ర రాజధాని జూనోకే లేదు. గస్టేవస్ నుంచి బార్ట్‌లెట్ కోవ్‌కు ఉన్న పదహారు కిలోమీటర్ల రోడ్డే అక్కడి దూరప్రయాణం. వనంలోకి ప్రవేశ రుసుము లేదు, పడవకు, బసకు మాత్రం బాగానే అవుతుంది. మేము వీసా ముఖాముఖికి చెన్నై వెళ్ళి వచ్చిన ఖర్చుతో సహా లెక్క వేస్తే, ఇది సంవత్సరాల తరబడి దాచుకుని ఒక్కసారి చేసే ప్రయాణమే.

విహారనౌక వద్దనడానికి కారణం ఉంది. అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద నౌకలను మించి అనుమతించరు. ఆ నౌకలు లోపలికి వెళ్ళి, మంచుగోడలు చూపించి, ఎక్కడా ఎవరినీ దింపకుండానే తిరిగి వెళ్ళిపోతాయి. వనానికి వచ్చేవారిలో అత్యధికులు ఆ నౌకల మీది వారే కావడంతో, చాలామంది అక్కడి నేల మీద ఒక్కసారి కూడా కాలు మోపకుండా వెనుదిరుగుతారు. ఈ వనం గొప్పతనమంతా ఆ నేలలోనే ఉంది.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకోవర్ నౌకాయాత్రకు చెందిన వారు ఈ తీరానికి వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు. తీరంలో చిన్న నొక్కులాంటి వంపు, దాని వెనుక ఆకాశాన్ని అడ్డగించిన మంచు మాత్రమే ఉన్నాయి. 1879లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ మ్యూర్ ట్లింగిట్ తెగవారి పడవలో వచ్చేసరికి ఆ మంచు అరవై కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. ఇప్పుడు అఖాతం ముఖద్వారం నుంచి టార్ ఇన్‌లెట్ అనే పాయ చివర వరకు 105 కిలోమీటర్ల మేర ఉప్పునీరు పరుచుకుని ఉంది. ఇంత తక్కువ కాలంలో ఇంత వెనక్కి జరిగిన హిమానీనదం, ఆ జరగడం తేదీలతో సహా నమోదైన చోటు మరొకటి దొరకడం కష్టం. అంటే ముఖద్వారం దగ్గరి నేల మంచు కింది నుంచి బయటపడి రెండు శతాబ్దాలు దాటింది. మధ్యలోని నేలకు సుమారు నూట యాభై ఏళ్ళు. చివరి నేల ఇంకా కొత్తది. పడవ ముందుకు సాగే కొద్దీ నేల వయసు తగ్గుతూ పోతుంది.

ఈ సంగతిని మొదట శాస్త్రంగా మలచినవాడు విలియం కూపర్ అనే వృక్ష పర్యావరణవేత్త. ఆయన 1916లో ఇక్కడికి వచ్చి, కొత్తగా బయటపడిన నేల మీద ఒక్కొక్కటి ఒక చదరపు మీటరు ఉండే గడులను గుర్తు పెట్టి, వాటిలో మొలిచిన ప్రతి మొక్కనూ పటంలో గీసి పెట్టారు. ఆ గడులను సరిగ్గా నూరేళ్ళ తర్వాత, 2016లో, పరిశోధకులు మళ్ళీ వెతికి పట్టుకున్నారు. కూపర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు గట్టిగా పట్టుబట్టడం వల్లనే 1925లో అధ్యక్షుడు కూలిడ్జ్ ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారక ప్రదేశంగా ప్రకటించారు. 1980లో అది జాతీయ వనం అయింది. 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బి.ఎస్సీ. పిల్లలకు ‘అనుక్రమం’ (ఖాళీ నేల మీద మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి అడవిగా మారే క్రమం) పాఠంలో ఈ అఖాతం పేరు ఏటా నల్లబల్ల మీద రాసినదాన్ని, ఆ పాఠం నిజరూపాన్ని అరవై రెండో ఏట చూడగలిగాను.

మేము జూన్ ఆఖరి వారంలో వెళ్ళాం. మేమంటే నేను, మావారు, డెబ్బై నాలుగేళ్ళ మా అత్తగారు. రాత్రి పది గంటల వరకు వెలుగు ఉంటుంది కనుక చేరిన రోజు సాయంత్రమే బస వెనుక నుంచి మొదలయ్యే అడవి బాటలో నడిచాం. ఒకటిన్నర కిలోమీటరు ఉండే ఆ బాట తేలికైనదే. అత్తగారు చేతికర్ర సాయంతో పూర్తిగా నడిచారు. స్ప్రూస్, హెమ్‌లాక్ చెట్లు, వాటి కింద అడుగు మందాన నాచు, చెట్ల నడుమ చిన్న చెరువులు. ఆ చెరువులు, హిమానీనదం వెనక్కి పోతూ వదిలేసిన మంచుదిమ్మలు కరిగి ఏర్పడిన గుంటలు. బాట పక్కన ఎద్దుల బండి అంత బండరాయి ఒకటి కనిపించింది. దాని మీది నాచులోకి వేలు గుచ్చితే రెండో కణుపు దాకా దిగింది, ఆ తర్వాతే చల్లటి రాయి తగిలింది. ఆ రెండు కణుపుల మందం పేరుకోవడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. మేము రోజూ కూర్చునే లాల్‌బాగ్ గుట్ట వయసు మూడు వందల కోట్ల సంవత్సరాలని అక్కడి ఫలకం చెబుతుంది. అంత పాతరాయి మీద రోజూ నడిచే నాకు, మా తాతగారి ముత్తాత కాలంలో మంచు కింద ఉన్న నేల మీద ఇంత దట్టమైన అడవిని చూస్తే నమ్మశక్యం కాలేదు.

మర్నాడు ఉదయం పడవ సరిగ్గా సమయానికే కదిలింది. అది జంట పొట్టల కేటమరాన్. మన చెన్నై తీరంలోని కట్టుమరమే ఆ పేరుకు మూలమని చెబితే పక్క సీటు దంపతులు ఎంతో సంతోషించారు. కింద అద్దాల కిటికీలతో వెచ్చటి గది, పైన తెరిచిన డెక్కు ఉన్నాయి. వనం తరఫున ఒక రేంజరు రోజంతా పడవలోనే ఉండి వివరాలు చెబుతారు. మాతో వచ్చిన రేంజరు మాట్లాడిన తీరు గురించి ఒక మాట రాయాలి. ఆమె కనిపించే ప్రతిదాని పేరు అప్పజెప్పలేదు. అవసరమైన చోట రెండు వాక్యాలు చెప్పి, మిగిలిన సమయమంతా మమ్మల్ని చూడనిచ్చింది. బోధనలో ముప్పై ఏళ్ళు గడిపిన నాకు ఆ సంయమనం ఎంత కష్టమైనదో తెలుసు.

మొదటి గంటలోనే నీటికుక్కలు కనిపించాయి. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద పీతలను పెట్టుకుని తింటూ, పడవ దగ్గరికి వచ్చినా పెద్దగా పట్టించుకోలేదు. బొచ్చు వ్యాపారం కోసం వేటాడి వేటాడి ఈ తీరంలో లేకుండా చేసిన జంతువు ఇది. 1990ల తొలినాళ్ళలో ఈ అఖాతంలోకి మళ్ళీ అడుగుపెట్టి ఇప్పుడు వేల సంఖ్యకు చేరింది. తిమింగలాలు తిరిగే దిగువ భాగంలో పడవలు పదమూడు నాట్ల (గంటకు సుమారు 24 కిలోమీటర్ల) వేగానికి లోబడే వెళ్ళాలి. ఆ నిబంధన వల్ల ప్రయాణం ఆలస్యమైందని విసుక్కున్నవారు ఎవరైనా ఉంటే, వారు ముందు రోజే బార్ట్‌లెట్ కోవ్‌లో పెట్టిన ‘స్నో’ అస్థిపంజరాన్ని చూసి రావలసింది. అది 2001లో ఒక నౌక ఢీకొని చనిపోయిన హంప్‌బ్యాక్ తిమింగలం. చనిపోయేనాటికి గర్భంతో ఉంది. దాదాపు 45 అడుగుల ఆ ఎముకల వరుస కింద నిలబడిన తర్వాత నాకు పడవ ఎంత నెమ్మదిగా వెళ్ళినా సమ్మతమే అనిపించింది. మాకు రెండు తిమింగలాలు కనిపించాయి, కాస్త దూరంలో. నిట్టూర్పు లాంటి ఊపిరి, ఆ వెంటనే నీటి పొగ, చివరికి తోక. రోజూ అవి కనిపిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సౌత్ మార్బుల్ దీవి దగ్గర పడవ చాలాసేపు ఆగింది. స్టెల్లర్ సముద్ర సింహాలు రాళ్ళ మీద గుట్టలుగా పడి గర్జిస్తూ ఉంటాయి; వాటి వాసన కనబడక ముందే వస్తుంది, తట్టుకోవడం కష్టమే. ముక్కు ఎర్రగా, తల వెనుక పసుపు కుచ్చులతో ఉండే పఫిన్ పక్షులు అక్కడే నీటి మీద కనిపించాయి. బైనాక్యులర్లు లేకపోతే ఇక్కడే నష్టపోతారు. ఆ తర్వాత గ్లూమీ నాబ్ అనే కొండ అంచున తెల్లటి కొండమేకలు, చుక్కల్లా. ఒడ్డున గోధుమరంగు ఎలుగుబంటి కోసం అందరూ వెతికారు. మా రోజున రాలేదు.

ఇక్కడి నుంచి నేను జంతువులను వదిలి ఒడ్డు వైపే చూస్తూ ఉండిపోయాను. బయలుదేరిన చోట ఉన్న ముదురాకుపచ్చ స్ప్రూస్ అడవి క్రమంగా పొట్టిదైంది. తర్వాత చెట్లు విడివిడిగా నిలిచాయి. ఆ తర్వాత కొండ వాలంతా ఆల్డర్ పొదలే. ఈ ఆల్డర్ వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. మన కోస్తాలో ఇసుక నేలల్లో సరుగుడు తోటలు బతకడానికి కారణం కూడా అదే ఫ్రాంకియా. అందుకే పసిరికే లేని రాతిపొడి మీద ఆల్డర్ నిలదొక్కుకుంటుంది, అది రాల్చిన ఆకు మీద స్ప్రూస్ లేస్తుంది. ఇంకా పైకి పోతే ఆల్డర్ కూడా పోయి, రాయిని అంటిపెట్టుకుని చాపలా పాకే డ్రయాస్ అనే మొక్క మిగిలింది; దాని వేళ్ళలోనూ అదే ఏర్పాటు ఉంటుంది. చివరికి అదీ లేదు. గీతలు పడ్డ ఉత్త రాయి. పాఠ్యపుస్తకం గీసినంత తిన్నగా ఈ వరుస ప్రతి చోటా జరగదని, ఒక్కో ఒడ్డు ఒక్కో దారిలో అడవి అవుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. నేను కూడా పడవ మీది నుంచి ఆల్డర్ కంటే ముందే స్ప్రూస్ మొలకలు నిలిచిన రెండు మూడు చోట్లు గమనించాను. అయినా నాలుగు గంటల్లో ఆ మొత్తం క్రమం కళ్ళ ముందు వెనక్కి నడవడం మాత్రం నేను జీవితంలో చూసిన అతి గొప్ప పాఠం.

దారిలో ఒకచోట పడవ ముక్కును ఒడ్డుకు ఆనించి, నిచ్చెన దించి, ఇద్దరు యువకులను వారి కయాక్‌లనే చిన్న తెడ్డు పడవలతో, ఎలుగుబంట్లు తెరవలేని ఆహారపు డబ్బాలతో దింపారు. వారం తర్వాత ఇదే పడవ వచ్చి ఎక్కించుకుంటుందట. అక్కడ గుడారాలు వేసుకునేవారు వంట, భోజనం పోటు నీరు తాకే ఒడ్డు మీదే చేయాలి. వాసనను తర్వాతి పోటు కడిగేస్తుంది. ఆ నియమం విని అత్తగారు తన సంచిలోని ఆవకాయ ప్యాకెట్టును ఇంకో రెండు సంచుల్లో చుట్టి పెట్టారు.

టార్ ఇన్‌లెట్ చివర రెండు హిమానీనదాలు పక్కపక్కనే ఉంటాయి. కెనడా వైపు నుంచి వచ్చే గ్రాండ్ పసిఫిక్ మట్టి, రాళ్ళు కప్పుకుని నల్లగా ఉంటుంది.

“ఇది కొండ కదమ్మా, మంచు ఎక్కడ?” అన్నారు అత్తగారు.

“అదంతా మంచే అత్తయ్యా, పైన మట్టి కప్పుకుంది, అంతే” అన్నాను. ఒకప్పుడు ఈ అఖాతాన్నంతా నింపి ఉంచిన హిమానీనదం ఇదేనని రేంజరు చెప్పినప్పుడు ఆమె చాలాసేపు దాన్నే చూశారు.

పక్కనున్న మార్జరీ శుభ్రమైనది: 34 కిలోమీటర్ల పొడవు, దాదాపు 1.6 కిలోమీటర్ల వెడల్పు, నీటిపైన 250 అడుగుల ఎత్తు. ఎత్తయిన ఫెయిర్‌వెదర్ పర్వతాల మీద పడే మంచే దీనికి ఆధారం. బరువుకు గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు ఎరుపు కాంతిని మింగేసి నీలాన్ని మిగులుస్తుంది కాబట్టి, పగుళ్ళ లోపల ఆ రంగు వెలుగుతున్నట్టు ఉంటుంది. ఇంజను ఆపిన తర్వాత మొదట వినబడింది చుట్టూ తేలే మంచుముక్కల చప్పుడు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు, ఎప్పటిదో గాలి బుడగలు పగులుతూ ఉన్నాయి. తర్వాత గోడ ఎడమ అంచు నుంచి ఒక ముక్క విడిపోయి జారింది. చిన్నదే అనుకున్నాం, చప్పుడు మాత్రం ఒక క్షణం ఆగి వచ్చి గుండెలో తగిలింది. ట్లింగిట్ వారు దీన్ని తెల్ల ఉరుము అంటారట. సుమారు అర గంట అక్కడ ఉన్నాం, మూడుసార్లు వినబడింది.

జాన్స్ హాప్‌కిన్స్ ఇన్‌లెట్‌లోకి మాత్రం వెళ్ళలేదు. మంచుదిమ్మల మీద సీళ్ళు పిల్లల్ని కనే మే, జూన్ నెలల్లో అక్కడికి ఏ పడవనూ రానివ్వరు. పెద్ద నౌకలకు ఆగస్టు చివరి వరకు అనుమతి లేదు. ఆ ఒక్క దృశ్యం పోయినందుకు ఎవరూ బాధపడనవసరం లేదు.

మంచు అంతా ఇలా శాశ్వతంగా నిలిచి ఉంటుందన్న భ్రమ ఎవరికీ వద్దు. అఖాతం తూర్పు పాయలోని మ్యూర్ హిమానీనదాన్ని చూడటానికి 1880, 90ల్లో ఆవిరి నౌకల్లో యాత్రికులు వచ్చేవారు. 1899 సెప్టెంబరులో వచ్చిన భూకంపానికి అది ఎంతగా పగిలి పడిందంటే, మంచుదిమ్మలు అడ్డమై చాలా ఏళ్ళు నౌకలు దాని దరికి రాలేకపోయాయి. ఇప్పుడది సముద్రాన్నే వదిలి నేల మీదికి వెనుదిరిగింది. మొదటి వెనుకడుగుకు కారణం కొన్ని శతాబ్దాలు సాగిన ‘చిన్న మంచుయుగం’ అనే చల్లటి కాలం ముగియడమైతే, ఇప్పటి కరుగుదలలో మన వంతు ఉంది.

తిరిగి వచ్చాక సాయంత్రం హూనా తెగ భవనానికి వెళ్ళాం. పద్దెనిమిదో శతాబ్దంలో ముందుకు దూసుకొచ్చిన మంచు హూనా ట్లింగిట్‌ల గ్రామాలను తుడిచిపెట్టింది. మంచు తగ్గాక తమ నేలకు వచ్చినవారికి వనం నిబంధనలు అడ్డమయ్యాయి. తరతరాలుగా ఏరుకుంటూ వచ్చిన గల్ అనే సముద్రపు పక్షుల గుడ్లను ఏరే హక్కు కూడా 2014లో చట్టం చేస్తే గానీ తిరిగి రాలేదు. 2016లో ఈ భవనం తెరుచుకుంది. దేవదారు వాసన, చెక్కిన స్తంభాలు, మధ్యలో నిప్పుగుండం చోటు. పడవ మీద చూసిన దాన్ని మంచు కథగా మాత్రమే అనుకున్న నాకు అది మనుషుల ఇళ్ళ కథ కూడా అని ఇక్కడ తెలిసింది. పడవ దిగగానే విమానం ఎక్కేవారికి ఇది దక్కదు. అందుకే రెండు రాత్రులు ఉండమంటున్నాను.

సౌకర్యాల విషయానికి వస్తే, వనంలో గదులున్న బస ఒక్కటే. అది మే చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకే తెరిచి ఉంటుంది కాబట్టి చలికాలంలోనే గది, పడవ రెండూ ఖాయం చేసుకోవాలి. పడవలో మధ్యాహ్న భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది; శాకాహారులమని బుక్ చేసేటప్పుడే చెప్పాం, ఇబ్బంది పడలేదు. ఎండాకాలమైనా పగటి వేడి పది నుంచి పదిహేను డిగ్రీలే, హిమానీనదం ముందు గాలి ఇంకా చల్లన. బెంగళూరు డిసెంబరు స్వెటరు చాలదు. వాన ఆపే కోటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు ముగ్గురికీ ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి పై డెక్కు మెట్లు నిటారుగా ఉంటాయి, కానీ కింది కిటికీల నుంచి కూడా చాలా వరకు కనిపిస్తుంది. గోదావరి రేవుల్లో గులకరాళ్ళు ఏరుకునే అలవాటున్న అత్తగారు అక్కడి ఒడ్డున ఒక చారల రాయి తీసుకున్నారు. వనం నుంచి రాయి కూడా తీసుకుపోకూడదని చెప్పగానే, తీసిన చోటే పెట్టి వచ్చారు.

విమానానికి ముందు గంటన్నర మిగిలితే గస్టేవస్ ఒడ్డుకు వెళ్ళండి. మంచు బరువు దిగిపోయిన నేల అక్కడ ఏటా దాదాపు మూడు సెంటీమీటర్లు పైకి లేస్తోంది. ఒకప్పుడు పోటు నీరు నిలిచిన చోట ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉంది. ఆ ఊరికి పూర్వం స్ట్రాబెరీ పాయింట్ అని పేరు. ఇసుకలో అడవి స్ట్రాబెరీ తీగలు ఇంకా ఉన్నాయి. మేము వెళ్ళేనాటికి తెల్లటి పూలు రాలి, పచ్చి కాయలు కడుతున్నాయి.